ఇసుక బాకీ

విశాఖ వన్ టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, మూడోదాని మీద రాస్ హిల్ చర్చి. ఏ కొండెక్కి నిలబడినా కింద కనబడేది ఒకటే, రేవులోకి ఓడలు వచ్చే కాలువ. ఇటు పాత ఊరు, అటు యారాడ కొండ, రెంటి నడుమ ఓ సన్నటి నీటి సందు. చిన్నప్పుడు నాన్నతో గుడి మెట్లెక్కిన ప్రతిసారీ ఆ సందులో ఓడేమైనా వస్తోందా అని చూసేవాణ్ని. వస్తే ఆరోజు పండగే. పెంకుటిళ్ల కప్పుల మీదుగా ఓ పెద్ద మేడ తనంతట తాను నడిచొస్తున్నట్టు ఉండేది.

అంత పెద్ద ఓడ అడుగు నేలకు తగలదా అని ఓసారి అడిగాను. తగలకుండా తవ్వుతారన్నాడు నాన్న. నీళ్లలో తవ్విన గోతిలోకి మళ్లీ ఇసుక జారదా అన్నాను. జారుతుంది, మళ్లీ తవ్వుతారన్నాడు. ఎన్నాళ్లని అడిగితే, ఓడలు వచ్చినన్నాళ్లూ అని చెప్పి దణ్ణం పెట్టుకోడానికి లోపలికి వెళ్లిపోయాడు.

రేవంటే మనకు క్రేన్లు, గోదాములు, రైలు పట్టాలు గుర్తొస్తాయి. అవి ఒకసారి కడితే దశాబ్దాలు నిలుస్తాయి. ఓడ తేలే లోతు అలా నిలవదు. వాకిలి ఊడ్చినట్టు దాన్ని రోజూ చూసుకోవాలి. ఇవాళ ఊడ్చాం కదా అని రేపు మానేస్తే ఎల్లుండికి దుమ్ము పేరుకుంటుంది. ఆ చీపురు పట్టుకున్న సర్కారు సంస్థల గురించి, ఊడ్చిన ఇసుక ఎక్కడికి పోవాలన్న దాని గురించి ఈ కథనం.

మూసుకుపోయిన రేవులు

పూడిక ఏం చేస్తుందో తెలుగు తీరానికి కొత్తగా చెప్పక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో గోదావరి పాయ మీద కోరంగి ఎంత పెద్ద రేవంటే, అక్కడి నుంచి ఓడెక్కి బర్మా చేరిన తెలుగువాళ్లను ఆ దేశంలో కోరంగీలనే పిలిచేవారు. 1789లో ఓ తుపాను, 1839లో ఇంకో తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టాయి. తుపానుల తర్వాత ఊళ్లు మళ్లీ లేస్తాయి. కోరంగి లేవలేకపోయింది. గోదారి మోసుకొచ్చిన ఒండ్రు పాయను పూడ్చేసి ఓడలకు దారి లేకుండా చేసింది. ఇవాళ అక్కడికి వెళ్తే మడ అడవులు కనబడతాయి.

బందరుదీ దగ్గర దగ్గర ఇదే కథ. 1611లో ఇంగ్లిషువాళ్లు, వాళ్లకంటే ముందే డచ్చివాళ్లు వచ్చి సరుకుల కోఠీలు పెట్టుకున్న రేవది. కృష్ణమ్మ తెచ్చిన మట్టితో తీరం మెరకైపోయి, పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరేసి పడవల మీద సరుకు దించుకోవాల్సి వచ్చేది. 1864 ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత రైళ్లు వచ్చి వ్యాపారం మరో దారి పట్టింది. ఇప్పుడు అదే బందరులో కొత్త రేవు పనులు సాగుతున్నాయి. అది కూడా తవ్వుకుంటూ బతకాల్సిన రేవే.

ఆ రోజుల్లో ఈ ఊళ్ల వాళ్లు పూడికను దైవికం అనుకున్నారు. ఇసుక ఎటు పోతుందో కొలిచేవాళ్లూ లేరు, తీసే యంత్రాలూ లేవు. ఆ రెండూ సమకూరాక కట్టిన రేవు విశాఖ.

నడిచే ఇసుక

మన తీరం వెంబడి కంటికి కనబడని ఇసుక నది ఒకటి పారుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును కొడతాయి. ప్రతి అలా గుప్పెడు ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది, తిన్నగా వెనక్కి లాక్కుపోతుంది. అలా తోసి లాగి, తోసి లాగి ఒక్కో రేణువును ఉత్తరానికి జరుపుతుంది. ఈశాన్య రుతుపవనాలప్పుడు ఈ నడక దక్షిణానికి తిరుగుతుంది గానీ, అది కొద్ది నెలలే, జోరు కూడా తక్కువే. ఏడాది మొత్తం మీద చూస్తే పైచేయి ఉత్తరానిదే. లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఇలా విశాఖ ముందు నుంచి భీమిలి వైపు నడిచిపోతుంది.

1952లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చాడు. ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు తీరం ఎప్పుడు కోసుకుపోతోందో, ఎప్పుడు నిండుతోందో వరసగా కొలిచాడు. ఋతువును బట్టి బీచ్ సన్నబడి మళ్లీ వెడల్పవుతుందని ఆ కొలతల్లో తేలింది. సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో కూర్చుని మనం చూసే ఇసుక పోయినేడాది ఇసుక కాదు. అది ఎక్కడో దక్షిణాన బయల్దేరి, మన ముందు కాసేపు ఆగి, మళ్లీ పైకి పోయే బాటసారి.

ఈ బాటసారి దారికి అడ్డంగా కాలువ తవ్వితే ఏమవుతుంది? గోతిలో పడుతుంది. విశాఖ రేవు కట్టినవాళ్ల ముందున్న చిక్కంతా ఇదే.

రేవుకు ముందు యారాడ కొండ చాటున ఉన్నది మేఘాద్రి గెడ్డ నీళ్లు, సముద్రం పోట్లు కలిసే ఉప్పుటేరు, దాని చుట్టూ చిత్తడి. మొగ దగ్గర ఇసుక మేటలు. ఓడలు బయటే ఆగేవి. మసూలా పడవలు అలలకు ఎదురెళ్లి సరుకు తెచ్చేవి. ఇక్కడ రేవు కట్టొచ్చన్న మాట పంతొమ్మిదో శతాబ్దంలోనే పుట్టినా, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఇచ్చిన పథకంతో గానీ పని కదల్లేదు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే 1927లో మొదలుపెట్టి, 1933కి పూర్తి చేసింది. అయిన ఖర్చు 378 లక్షల రూపాయలు.

ఇసుక చిక్కును వాళ్లు విప్పిన తీరు తల్చుకుంటే నాకు ఇప్పటికీ మురిపెంగా ఉంటుంది. జేనస్, విల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడల్ని తెచ్చి, వాటి నిండా రాళ్లు నింపి, కాలువకు దక్షిణంగా ముంచేశారు. అవి అలల జోరును విరిచాయి. వాటి చాటున నీరు నిమ్మళించింది. నిమ్మళించిన నీటిలో ఇసుక కిందికి దిగుతుంది. కాలువలో పడకముందే దాన్ని అక్కడే పట్టి తోడేయొచ్చు. తోడే ఓడ కూడా ఆ చాటునే కుదురుగా నిలబడి పని చేసుకోవచ్చు. పరుగెత్తే ఇసుకకు రెండు ముసలి ఓడల్ని కాపలా పెట్టారన్నమాట. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ తొలి ఓడగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అప్పుడున్నవి మూడు బెర్తులే.

1976లో బయట సముద్రంలో పెద్ద పెద్ద రాతి గోడలు కట్టి ఔటర్ హార్బర్ తెరిచారు. ఈ రోజు లోపలి రేవు, ఔటర్ హార్బర్ రెండూ కలిసి ఏటా 8 కోట్ల టన్నులకు పైగా సరుకు చూస్తున్నాయి. రేవు పెరిగింది, కాలువ లోతు పెరిగింది. దాంతోపాటు తవ్వకమూ పెరిగింది.

తొండం ఉన్న ఓడ

ఔటర్ హార్బర్ వచ్చిన ఆ 1976లోనే, మార్చి 29న, కేంద్రం డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను పెట్టింది. దేశంలోని పెద్ద రేవులన్నిటికీ పూడిక తీసే బాధ్యత దానిది. ముఖ్య కార్యాలయం విశాఖ. ఊళ్లో దాన్ని అందరూ డీసీఐ అంటారు. దాని ఓడలు ఎక్కువగా ఉండేది మాత్రం హుగ్లీ నది మీద. అక్కడి హల్దియా రేవు దారి ఏ ఒక్క సీజనూ తవ్వకుండా ఉండలేదు. అందుకే ఇక్కడి డీసీఐ కుటుంబాల్లో హల్దియా పేరు చుట్టాల ఊరి పేరంత మామూలుగా వినబడుతుంది.

ఒకసారి ఓ డ్రెడ్జర్ మీద ఒక పగలంతా గడిపే వీలు దొరికింది. చూడ్డానికి మామూలు ఓడే. పక్కన మాత్రం ఏనుగు తొండంలా పొడవైన ఇనుప గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఓడ మనిషి నడిచే వేగంతో కదులుతుంటే, వించీలతో ఆ తొండాన్ని నెమ్మదిగా అడుగుకు దించుతారు. దాని కొసన ఉన్న వెడల్పాటి మూతి నేలను రాసుకుంటూ పోతుంది. నీళ్లను గట్టిగా చిమ్మి ఇసుకను వదులు చేస్తుంది, లోపలున్న పంపు ఆ చిక్కటి నీళ్లను పైకి పీలుస్తుంది. ఓడ నడిబొడ్డున పైకప్పు లేని పెద్ద తొట్టి ఉంటుంది, దాన్ని హాపర్ అంటారు. గంజిలాంటి ఆ బూడిద రంగు నీళ్లు అందులో సుడులు తిరుగుతూ పడతాయి. ఇసుక అడుగుకు దిగుతుంది, పైనున్న నీళ్లు పొర్లి మళ్లీ సముద్రంలో కలిసిపోతాయి. డీసీఐ దగ్గరున్న కొన్ని ఓడల్లో ఈ తొట్టి 5,500 ఘనపు మీటర్లది. అంటే దాదాపు 550 లారీల ఇసుక. మెత్తటి ఇసుకైతే గంటా గంటన్నరలో నిండిపోతుంది.

ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, తొండాన్ని నడిపే మనిషి కిటికీలోంచి బయటికి చూడడు. ఆయన కళ్లు తెరల మీదే ఉంటాయి. తొండం ఎంత లోతున ఉంది, పీల్చే దాన్లో ఇసుక ఎంత, నీళ్లెంత, కింద ఎక్కడ ఎత్తుగా ఉంది, అన్నీ అందులో కనబడతాయి. నీళ్లే ఎక్కువ వస్తే డీజిలు దండగ. మరీ లోతుకు దించితే మూతి విరుగుతుంది. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి ఇసుక పాలు పడిపోయింది. తొండం పైకెత్తారు. మూతికున్న ఇనుప కడ్డీల నిండా తెగిన నైలాను వల ముక్కలు, పాలిథీన్ సంచులు, ఓ చిన్నపిల్ల చెప్పు. ఇద్దరు కుర్రాళ్లు కత్తులు పట్టుకుని వంగి ఒక్కొక్కటే కోసి తీశారు. సముద్రం అడుగున ఇంత పని చేసే యంత్రాన్ని మనం ఒడ్డున పారేసే క్యారీబ్యాగు ఆపేయడం చూస్తే మనసు కలుక్కుమంది.

ఈ తిప్పలన్నీ ఎందుకో తెలియాలంటే సెంటీమీటర్ల లెక్క చూడాలి. ఖనిజం మోసే పెద్ద ఓడ ఒక్క సెంటీమీటరు కిందికి దిగిందంటే సుమారు 120 టన్నుల సరుకు ఎక్కినట్టు. కాలువలో పది సెంటీమీటర్ల పూడిక చేరితే ఆ ఓడ 1,200 టన్నులు తక్కువ ఎక్కించుకుని పోవాలి, అద్దె మాత్రం మొత్తానికీ కట్టాలి. విశాఖ ఔటర్ హార్బర్‌కు 18 మీటర్ల పైచిలుకు, లోపలి రేవుకు పద్నాలుగున్నర మీటర్ల డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగే లోతు) ఉన్న ఓడలు రాగలవంటే, ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగును కొలుస్తూ ఉన్నారని అర్థం. సర్వే బోటు కాలువలో అటూ ఇటూ తిరుగుతూ నీళ్లలోకి శబ్దాన్ని వదులుతుంది. అది నేలను తాకి తిరిగొచ్చే వ్యవధిని బట్టి లోతు తేలుస్తుంది. ఆ పటం చూశాకే పైలట్ ఓడను లోపలికి తెస్తాడు.

ఇంత ముఖ్యమైన పనిని ప్రైవేటుకు అమ్మేయాలన్న ఆలోచన కొన్నేళ్ల కింద గట్టిగా నడిచింది. విశాఖలో ఉద్యోగులు రోడ్డెక్కారు. చివరికి 2019 మార్చిలో కేంద్రం తన 73 శాతం పైచిలుకు వాటాను విశాఖ, పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్ రేవుల కూటమికి ఇచ్చింది. పూడిక తీయించుకునే రేవులే తీసే సంస్థకు యజమానులయ్యాయి. నాకు ఇది మంచి ముగింపే అనిపిస్తుంది. రేవు లాభాల లెక్కలో లోతు ఒక పద్దు కావచ్చు గానీ, తుపాను వెళ్లిన మర్నాడు కాలువ తెరవాల్సి వచ్చినప్పుడు, ధర ఒప్పుకున్నాకే బయల్దేరే ఓడను నమ్ముకుని కూర్చోలేం. ఇప్పుడు కొచ్చిన్ షిప్‌యార్డు డీసీఐ కోసం 12 వేల ఘనపు మీటర్ల డ్రెడ్జర్‌ను తయారుచేసింది. దాని పేరు గోదావరి. కోరంగిని పూడ్చిన నది పేరే పూడిక తీసే ఓడకు పెట్టారు.

ఉత్తరానికి రావాల్సింది

ఇక అసలు సంగతి. రేవు గోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకను పట్టేసుకుంటాయి. మరి ఆ ఇసుక కోసం ఎదురుచూస్తున్న ఉత్తరపు తీరం? దానికి రావాల్సింది రాదు, దాని దగ్గరున్నది మాత్రం యథాప్రకారం భీమిలి వైపు నడిచిపోతుంది. రాబడి ఆగి ఖర్చు ఆగకపోతే ఇల్లు ఏమవుతుందో బీచూ అదే అవుతుంది.

రేవు కట్టిన తొలినాటి నుంచీ ఇది తెలిసిన విషయమే. అందుకే పోగైన ఇసుకను తోడి, కాలువను దాటించి, కోస్టల్ బ్యాటరీ అనే చోట గొట్టాలతో ఒడ్డుకు పంపే పద్ధతి పెట్టారు. ఇంజనీర్లు దాన్ని శాండ్ బైపాసింగ్ అంటారు. నేనైతే బాకీ తీర్చడం అంటాను. బాటసారిని మనం ఆపాం, మనమే అవతలి గట్టుకు దాటించాలి.

ఈ బాకీ సరిగ్గా తీరనప్పుడు ఊరికి తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ తర్వాతి నెలల్లో ఆర్కే బీచ్ ఎముకలు తేలిన మనిషిలా అయింది. మెట్లు గాల్లో వేలాడాయి, రోడ్డు పక్క గోడ పునాదులు బయటపడ్డాయి, ఎక్కడెక్కడి రాళ్లో తేలాయి. తీరానికి ఇసుక పోయడం మీద ఊరంతా మాట్లాడుకున్నది అప్పుడే. తుపాను ఒక్కటే దీనికి కారణమని నేననను. ఒంట్లో నెత్తురు తక్కువున్నవాడికి చిన్న దెబ్బ కూడా పెద్దదవుతుంది. ఇసుక నిండుగా ఉన్న బీచ్ తుపానును కాచుకుంటుంది. కోల్పోయింది నెమ్మదిగా తిరిగి తెచ్చుకుంటుంది.

అయితే తీసిన ప్రతిదీ ఒడ్డుకు పంపేది కాదు. లోపలి రేవులో చేరేది గెడ్డల బురద, బొగ్గు పొడి కలిసిన నల్లటి మెత్తటి మన్ను. అది బీచ్‌లో పోస్తే కంపు తప్ప మిగలదు. బయట గోడల దగ్గర పడే శుభ్రమైన ఇసుక మాత్రం ఒక్క తట్ట కూడా లోతు సముద్రంలో పోయడానికి వీల్లేదు. అడుగు తలుపులు తెరిచి సముద్రంలో వదిలేయడం క్షణాల పని. ఒడ్డుకు పంపాలంటే గొట్టాలు కలపాలి, పంపులు నడపాలి, అలలు ఒప్పుకోవాలి, డబ్బు పెట్టాలి. తేలిక దారి ఎప్పుడూ పిలుస్తూనే ఉంటుంది. రేవు వార్షిక నివేదికలో ఎంత డ్రాఫ్ట్ ఓడ వచ్చిందో అచ్చేసే పేజీలోనే, ఆ ఏడు ఎంత ఇసుక ఉత్తరానికి దాటించారో, బీచ్ ఎన్ని మీటర్ల వెడల్పు ఉందో కూడా అచ్చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. లోతునూ వెడల్పునూ ఒకే చెయ్యి కొలవాలి.

కాకినాడ దగ్గర ఇదే లెక్కను ప్రకృతి మరోలా వేసింది. గోదారి ఒండ్రుతో, అలల తోపుతో హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక తిన్నె ఏర్పడి కాకినాడ రేవుకు గోడలా నిలిచింది. దాని చాటునే ఓడలు లంగరేసుకుంటాయి. ఆ తిన్నె దాచుకున్న ఇసుక ఉత్తరాన ఉప్పాడకు అందడం లేదు. ఉప్పాడ, కొత్తపల్లి తీరంలో వీధుల వెంట వీధులు సముద్రంలో కలిసిపోయాయి. ఒకే మనిషి జీవితంలో రెండు మూడుసార్లు ఇల్లు వెనక్కి జరుపుకున్న కుటుంబాలున్నాయి. జామ్దానీ మగ్గాల ఊరది. మగ్గానికి గుంట తవ్వుకుని కూర్చునే నేల కూడా మిగలదేమోనని వాళ్ల దిగులు. అక్కడ ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో, అంటే జియోట్యూబులతో, వేసిన గోడను అలలు చీల్చేశాయి. రాళ్లు ఎన్ని పోసినా ఇసుక లోటు ఇసుకతో తీరాల్సిందే.

రాష్ట్రం చేతిలో ఉన్న చిన్న రేవులు, మొగల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ఇప్పుడవి ఏపీ మారిటైమ్ బోర్డు, మత్స్యశాఖల మధ్య ఉన్నాయి. పెద్ద ఓడకు పది సెంటీమీటర్లు తగ్గితే దానికి ఓ లెక్కుంది, ఉత్తరాలు నడుస్తాయి. నిజాంపట్నంలోనో, భావనపాడులోనో మొగ పూడిపోతే మరబోటు పోటు కోసం గంటలు గంటలు బయట కాచుకోవాలి. ఐసు కరిగిపోతూ ఉంటుంది, చేప మెత్తబడుతూ ఉంటుంది. తొందరపడి వస్తే మేట మీద బోటు ఒరిగిపోతుంది, ఒక్కోసారి ప్రాణాలు పోతాయి. వేటకు వెళ్లేవాడికి సముద్రం మధ్యలో ఉన్నంత భయం లేదు, ఇంటి గుమ్మంలాంటి మొగ దగ్గరే భయం. కోట్లు పెట్టి కొత్త ఫిషింగ్ హార్బర్లు కడుతున్నారు, సంతోషం. వాటి పక్కనే, ఏటా వేట నిషేధం రోజుల్లో మొగ తవ్వడానికి ఓ చిన్న డ్రెడ్జర్‌ను, దానికి డీజిలు డబ్బును శాశ్వతంగా కేటాయించాలి. కట్టడానికి శిలాఫలకం ఉంటుంది, తవ్వడానికి ఉండదు. అందుకే ఆ పద్దు ఎప్పుడూ వెనకబడుతోంది.

మొన్న ఓ పొద్దున్నే కోస్టల్ బ్యాటరీ నుంచి పెద జాలారిపేట దాకా నడిచాను. ఇసుక పోసేటప్పుడు ఆ గొట్టం దగ్గర నిలబడితే నేల అదురుతుంది. నల్లటి నీళ్లు ఒక్క ఉదుటున బయటికి దూకుతాయి, ముందు ఉరుములా, తర్వాత గులకరాళ్లు దొర్లినట్టు. నీళ్లు వెనక్కి జారిపోయాక తడి ఇసుక మిగులుతుంది. ఎండకు గంటలో దాని నలుపు విరిగి బంగారు రంగు తిరుగుతుంది. పిల్లలు గవ్వల కోసం ఎగబడతారు. ఆరోజు గొట్టం లేదు. జాలారిపేటలో తెప్పలు, ఫైబర్ పడవలు గోడకు ఆనించినంత దగ్గరగా లాగి ఉన్నాయి. మునుపు ఇక్కడ పడవల ముందు వలలు పరుచుకునే చోటుండేదని వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన చెయ్యి చాచి చూపించాడు. ఆయన చూపించిన చోట ఇప్పుడు అల విరుగుతోంది.

రోడ్డు మెట్టు దగ్గర నిలబడి, నీటి అంచు దాకా నా అంగలు లెక్కపెట్టుకున్నాను. ముప్పై ఎనిమిది. డైరీలో తేదీ వేసి రాసుకున్నాను. వచ్చే ఏడాది ఇదే నెలలో, ఇదే పోటు వేళకు మళ్లీ వెళ్లి లెక్కపెడతాను.